గొడౌనులో దీర్ఘాలు

జూన్ 9

ఈరోజు నాకు "వెరీ గుడ్" వచ్చింది.

రాస్తుంటే నవ్వొస్తోంది. పదో తరగతి ఇంగ్లీషులో అత్తెసరు మార్కులతో గట్టెక్కినదాన్ని. యాభై దాటాక కొడుకు చేత వెరీ గుడ్ అనిపించుకున్నాను. అదీ వాడు పోయిన తొమ్మిది నెలలకి.

దిలీప్ ఫోను బీరువాలో నా చీరల కింద ఉంటుంది. రోజూ తీసి చార్జింగు పెట్టి మళ్ళీ అక్కడే పెట్టేస్తాను. అంతకు మించి ముట్టుకోను. ఈ మధ్యాహ్నం ఎందుకో తెరిచాను. వాడు పిల్లలకి పంపిన పాఠాలు వరసగా కనిపించాయి. బొమ్మ ఉండదు, గొంతొక్కటే. మా బరంపురం చుట్టుపక్కల, పాత్రపూర్ వైపు, ఆర్యపల్లి వైపు మన తెలుగు పిల్లలు ఒడియా బళ్ళలో చదువుతారు, ఇంగ్లీషు పలకాలంటే నోరు తిరగదు, పాపం అని వాళ్ళ కోసం చేసేవాడు. వారానికి రెండు రోజులు బండి వేసుకుని వాళ్ళ ఊళ్ళకే వెళ్ళి చెప్పేవాడు, మిగతా రోజులకి ఈ పాఠాలు. ఇంటి వెనక, షాపు సరుకు దాచే గొడౌనులో పట్టుచీరల మూటల మధ్య కూర్చుని రికార్డు చేసేవాడు. అక్కడైతే గొంతు గోడకి తగిలి తిరిగి రాదంట, బట్ట తాగేస్తుందంట.

ఒకటి నొక్కాను.

"ఇది షార్ట్ ఇ. పొట్టిది. నా వెనక అనండి. షిప్" అని ఆగాడు.

నేను "షిప్" అన్నాను. అనాలనుకుని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది.

"వెరీ గుడ్" అన్నాడు.

ఫోను మంచం మీద పడేసి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆర్పానో లేదో చూసి వచ్చాను. ఆర్పే ఉంది. మళ్ళీ విన్నాను. మళ్ళీ అన్నాను.

ఇంగ్లీషు నేర్చుకోవడం మంచిదే. బ్యాంకుకి వెళ్ళినా ఆస్పత్రికి వెళ్ళినా పనికొస్తుంది. రోజూ కాసేపు నేర్చుకుంటాను. అంతే.

జూన్ 10

షిప్, షీప్. బిట్, బీట్. అన్నిటికీ వెరీ గుడ్.

జూన్ 14

ఆయన భోజనానికి వచ్చే వేళయిందని చూసుకోలేదు. "ఇప్పుడు లాంగ్. సాగదీయండి. షీప్" అంటూ వాడి గొంతు ఇల్లంతా వినిపిస్తోంది. నేను ఇక్కడ పప్పు రుబ్బుతూ షీప్ షీప్ అంటున్నాను. తలెత్తి చూస్తే గుమ్మంలో ఆయన, చెప్పులు విప్పకుండా.

"ఆపెయ్ అది."

"పాఠం. అయిపోవత్తంది."

"ఆపెయ్యమన్నానా!"

ఆపాను. అన్నం పెట్టాను. రెండు ముద్దలు తిని "షాపుల ఎవులో ఉన్నారు" అని లేచిపోయారు. మధ్యాహ్నం షాపున్న బడాబజారంతా తలుపులు వేసుకుని పడుకుంటుంది. షాపులో ఎవరుంటారు? బొమ్మకి కట్టిన చీర ఉంటుంది.

ఈయన గుండె రాయి. రాసేస్తున్నాను, ఎవరు చదువుతారు గనక. ఛత్రపురం దగ్గర వానలో వాడి బండి జారిందని ఫోను వచ్చిన రోజు నుంచి ఈయన కంట్లో చుక్క నేను చూడలేదు. కొడుకుని కాల్చి వచ్చి, గుమ్మంలో నిలబడి, మోసినవాళ్ళకి టీలు ఇచ్చారా అని అడిగిన మనిషి. పదమూడో రోజు దాటగానే షాపు తెరిచారు. అప్పటి నుంచి వాడి పేరు ఎత్తితే ఒట్టు. పేరు ఎత్తరు, ఎవరైనా ఎత్తితే ఉండరు.

ఏమైనా అంటే "హౌ, హౌ" అంటారు, ఒడియావాళ్ళు సరే అన్నట్టు. నలభై ఏళ్ళ బట్టి బజారులో ఒడియా మాట్లాడి మాట్లాడి ఆయన తెలుగు కూడా అలాగే తయారైంది. ఒడియాలో ఇ, ఈ రాతలో రెండున్నా మాటలో ఒకటే కదా. ఆయన నోట్లో నీళ్ళు "నిళ్ళు" అవుతాయి, నూనె "నునె" అవుతుంది. నేను సోంపేట పిల్లని, పెళ్ళయిన కొత్తలో నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పారిపోయేదాన్ని. గుడ్డ కొలిచేటప్పుడు మూరకి నాలుగు వేళ్ళు ఎక్కువిచ్చే మనిషి, మాటలో మాత్రం వేలెడు దీర్ఘం ఇవ్వరు.

దిలీప్ కూడా ఆటపట్టించేవాడు. వాడలా అంటే ఈయనా నవ్వేవారు. నవ్వడం తెలిసిన మనిషే.

జూన్ 20

ఈరోజు నుంచి చెవిలో పెట్టుకుని వింటున్నాను. ఎవరికీ అభ్యంతరం ఉండదు.

లాంగ్ ఈ అంటే ఊరికే సాగదీస్తే చాలదంట. పెదాలు నవ్వినట్టు రెండు పక్కలకీ వెళ్ళాలంట. షార్ట్ ఇకి అక్కర్లేదు, నోరు వదులుగా ఉంటే చాలు. "నవ్వకుండా ఈ సౌండ్ రాదు, అద్దంలో చూసుకోండి" అన్నాడు. చూసుకున్నాను. సీట్. గ్రీన్. టీ. అద్దంలో నేను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. ఎన్నాళ్ళయిందో ఆ మొహం చూసి. ఛీ అనిపించింది. వాడు వెరీ గుడ్ అన్నాడు. సరే, వాడికి బాగుంటే నాకేం.

ఇదే పాఠంలో మధ్యలో కుక్కరు కూత వినిపించింది. తర్వాత దూరంగా ఎవరో ఆడమనిషి అరుపు, "ఒరే దిలీపూ! సల్లారిపోతంది, రారా!" ఎవరిదా అనుకున్నాను ఒక్క క్షణం. నాదే. నా గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. గొడౌను ఇంటి వెనకే కదా, వంటింటి కిటికీలోంచి కేకేసి ఉంటాను.

"అమ్మా! రికార్డింగు!" అని విసుక్కున్నాడు. తర్వాత గొంతు మార్చి, "సారీ స్టూడెంట్స్. దట్ వాజ్ మై మదర్" అన్నాడు.

"తప్పయిపోయింది నాన్నా" అన్నాను.

వాడు తర్వాతి మాటకి వెళ్ళిపోయాడు. నేను వెనక్కి తిప్పి ఆ విసుగు మళ్ళీ విన్నాను. పాఠం ముందుకి సాగలేదు ఈరోజు.

జూన్ 21

ఆ విసుగే.

జూన్ 28

నీరజ వచ్చింది. మా ఆడపడుచు, ఇదే లంజిపల్లిలో రెండు వీధులవతల ఉంటుంది. మంచి పిల్లే, కానీ వచ్చిందంటే ఇంట్లో అన్ని గిన్నెల మూతలూ తీసి చూస్తుంది.

"ఏటి వదినా ఇలగైపోనావు? మెడ ఎముకలు లెక్కెట్టొచ్చు."

"వయసు."

"వయసు కాదు, తినటం లేదు నువ్వు. అన్నియ్య సెప్పేడు."

ఆయన చెప్పారా! నా మొహం చూసి మాట్లాడని మనిషి చెల్లెలితో నా తిండి గురించి మాట్లాడతారు. కోపం నషాళానికెక్కింది.

"రేపు గోపాలపురం ఎల్దాం, సముద్రం గాలికి కాసేపు కూకుని వద్దాం. మద్దేనం ఎలిపోదాం" అంది.

"మధ్యాహ్నం నాకు క్లాసుంది" అన్నాను.

అనేశాక నాలుక కరుచుకున్నాను. అది నన్ను అలా చూస్తూ ఉండిపోయింది. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకుని దానికి వడియాలు కట్టి ఇచ్చాను.

జులై 3

షార్ట్ అయిపోయాయి అన్నీ. లాంగులో నాలుగు వచ్చేశాయి. ఊ అనేటప్పుడు పొయ్యి ఊదినట్టు పెదాలు గుండ్రంగా పెట్టాలి. ఇక ఒక్కటే ఉంది. బర్డ్, గర్ల్, నర్స్ అన్నప్పుడు మధ్యలో వచ్చే శబ్దం. దానికి తెలుగులో అక్షరమే లేదంట, ఒడియాలోనూ లేదంట. "రాసుకోవద్దు, విని పట్టుకోండి" అన్నాడు. మొదలు మాత్రం విని ఆపేశాను. ఆ పాఠం అయిపోతే ఇంకేం మిగలదు. తొందరేముంది. షార్టులో నాకు ఇంకా సరిగా రాలేదు. మొదటి నుంచి మళ్ళీ చూసుకోవాలి.

జులై 6

వాడి ఫోను మోగింది!

హేమ అనే పిల్ల. ఆర్యపల్లిలో చేపలమ్మే కన్నమ్మ కూతురు, వాడి దగ్గర నేర్చుకుంది. "సార్ వాళ్ళ అమ్మగారేనా? బరంపురంలోనే ఉన్నానమ్మా, ఒక్కపాలి వచ్చి ఎల్తాను" అంది. సాయంత్రం వచ్చింది. నల్లగా, చక్కగా ఉంది, రెండు జడలు. చేతిలో సంచి. "అమ్మ ఇమ్మంది" అని ఇచ్చింది. తెరిస్తే ఎండు చేపలు. మా కోమటింట్లో! పిల్ల మనసు నొప్పించలేక ముక్కుతో ఊపిరి పీల్చకుండా తీసుకెళ్ళి పెరట్లో కొక్కేనికి తగిలించాను. పక్కింటి పిల్లులన్నీ వచ్చి దండం పెట్టుకుంటున్నాయి ఇప్పటికీ.

నర్సింగు ట్రైనింగుకి ఇంటర్వ్యూ ఉందంట దానికి. ధైర్యం చాలక సారు ఇంటికి వచ్చి వాడి ఫోటోకి దణ్ణం పెట్టుకుని వెళ్దామని వచ్చింది. టీ ఇచ్చాను. మాటల్లో, గొప్పకి, నేను కూడా వాడి పాఠాలు నేర్చుకుంటున్నానని చెప్పాను. ప్రతిదానికీ వెరీ గుడ్ వస్తోందని కూడా చెప్పాను.

పిల్ల పకపకా నవ్వింది.

"అది ఫోన్లోనమ్మా! ఎదురుగుంటే సారు వెరీ గుడ్ అనీవోరా? ఒకపాలి షీప్ అనడానికి నన్ను పొద్దున్నించి మద్దేనం దాకా నిలబెట్టీసేరు. 'ఇంకోపాలి, ఇంకోపాలి' అంటారు. ఏడుపొచ్చీసేది. 'మీ అమ్మ వీధిలో చేపలో అని అరుస్తాది సూడు, ఆ సాగదీత ఎక్కడికి పోయింది' అనీవోరు. ఆఖరికి ఒక్కపాలే అన్నారమ్మా వెరీ గుడ్డని. ఆరోజు అన్నం తినలేకపోయేను సంతోసానికి."

అవునా అన్నాను. నవ్వాను కూడా.

వెళ్ళేటప్పుడు దాని తల మీద చెయ్యి వేశాను. ఇంటర్వ్యూ బాగా చెప్పమన్నాను.

జులై 7

ఆ పిల్లకేం తెలుసు. వాడు నా కొడుకు.

జులై 8

నాకు నిజంగానే బాగా వచ్చి ఉండొచ్చు కదా. సోంపేట నోరు. మాకు దీర్ఘాలు పుట్టుకతో వస్తాయి, వాడే అనేవాడు. ఎదురుగా ఉన్నా నాకు వెరీ గుడ్డే అనేవాడు.

జులై 15

రాయకూడదనుకున్నాను. రాస్తాను.

మధ్యాహ్నం తలుపు వేసుకుని మొదటి పాఠం పెట్టాను. "నా వెనక అనండి. షిప్" అని ఆగాడు. నేను నోరు తెరవలేదు. పెదాలు బిగించి కూర్చున్నాను. గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు.

"వెరీ గుడ్" అన్నాడు.

రెండో మాటకి "గాడిద" అన్నాను. వెరీ గుడ్ అన్నాడు. "నన్నొదిలేసి పోయావురా" అన్నాను. వెరీ గుడ్. "ఆరోజు వానలో వెళ్ళొద్దన్నానా లేదా" అని అరిచాను. అదే గొంతుతో, అంతే ముద్దుగా, వెరీ గుడ్.

ఇన్నాళ్ళూ తెలీకనా? తెలుసు. అది మిషను అని, వాడు ఎప్పుడో అనేసి ఉంచిన మాట అని చంటిపిల్లకి కూడా తెలుసు. తెలిసి కూడా నేను జుట్టు దువ్వుకుని, మొహం కడుక్కుని పాఠానికి కూర్చున్నాను రోజూ. వాడు వింటున్నాడనే కూర్చున్నాను. వినడం లేదు. నా కొడుకు నన్ను వినడం లేదు. ఇంక ఎప్పటికీ వినడు.

ఫోను బీరువాలో పెట్టేశాను.

జులై 16

ఏమీ లేదు.

జులై 24

వండాను. ఆయన తిన్నారు.

ఆగస్టు 2

హేమ ఫోను చేసిందేమో తెలీదు. చార్జింగు పెట్టడం మానేశాను. ఆఖరి పాఠం వినలేదు, వినను. అక్షరం లేని శబ్దం నాకెందుకు.

ఇంట్లో ఇద్దరం ఉన్నాం. పొద్దున్న ఆయన పేపరు చదువుతారు. నేను కూర తరుగుతాను. ఆయన "నిళ్ళు" అంటారు. ఇస్తాను. మళ్ళీ రాత్రికి "తలుపేసేవా" అంటారు. వేశానంటాను. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇవే మాటలు. వీధిలో కూరగాయల బండివాడితో ఇంతకంటే ఎక్కువ మాట్లాడతాను.

ఆగస్టు 18

బావగారు సోమేశ్వరరావుగారు వచ్చారు. మా ఆయనకి అన్నయ్య. వచ్చే నెల సంవత్సరీకం కదా, ఏర్పాట్లు మాట్లాడటానికి. కొడుక్కి తండ్రి పెట్టే తద్దినం. ఇలాంటిది మాట్లాడుకోవడానికి కూడా కాఫీలు, బిస్కెట్లు పెట్టాలి. పెట్టాను.

దానాల దగ్గరికి వచ్చింది మాట. పక్క, గొడుగు, చెప్పులు, చెంబు, పంచెల చాపు. బావగారు గొంతు సవరించుకున్నారు.

"వాడు వాడుకున్న వస్తువు కూడా ఒకటి ఇయ్యాల. అది పోతేగానీ వాడికి ఈ ఇంటి మీద లాగులాట తీరదు. వాడి సేతిలో ఎప్పుడూ ఏటుండేది? ఫోనే కదా. అది ఇచ్చీండి."

పంతులుగారికి ఫోను దానం! ఏ శాస్త్రంలో ఉంది? నేను నోరు తెరిచేలోపు మా ఆయన అన్నారు.

"హౌ. ఇచ్చెద్దాం."

అంత తేలిగ్గా. బిస్కెట్టు కాఫీలో ముంచుతూ.

ఆగస్టు 19

అడిగేశాను.

"ఇచ్చెద్దాం అనడానికి మీకు నోరెలా వచ్చింది? వాడి గొంతుంది అందులో."

"తెలుసు."

"తెలిసే ఇచ్చేత్తారా?"

"అదుంటే నువ్వు మనిషివి కాకుండా పోతన్నావు భారతి."

"నేను ఏడిసేనండీ. కడుపుతీపి ఉంది కాబట్టి ఏడిసేను. మీరు ఒక్క చుక్క రాల్చేరా? టీలిచ్చేరా అని అడిగేరు ఆరోజు. మీకు కొడుకు పోలేదు, షాపులో పనోడు పోయేడు!"

ఆయన కండువా భుజాన వేసుకున్నారు. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మరిచిపోయిన కళ్ళజోడు తీసుకుని వెళ్ళారు.

తగలాలనే అన్నాను. తగిలింది. ఇప్పుడు నాకేం హాయిగా లేదు.

ఆగస్టు 27

మధ్యాహ్నాలు ఇంట్లో పడుకోవడం లేదు ఈయన. తిని గొడౌనుకి పోతున్నారు. పూజల సీజను, స్టాకు చూసుకోవాలంట. మంచిదే. ఎదురుపడకుండా ఉంటే ఇద్దరికీ సుఖం.

సెప్టెంబరు 5

వాన. ఏడాది కిందట కూడా ఇలాగే పట్టింది.

సెప్టెంబరు 11

ఫోను ఇవ్వడం లేదు. "గొడుగు, చెప్పులు చాలు, అన్నయ్యకి నేను చెప్పుకుంటాను" అన్నారీయన. ఎల్లుండే సంవత్సరీకం. ఎలా జరిగిందో వరసగా రాసి పడుకుంటాను. లేకపోతే రేపటికి నాకే నమ్మకం కలగదు.

దానానికి కొత్త పంచెల చాపు కావాలి. ఆయన తెస్తానని మరిచిపోతున్నారు. మధ్యాహ్నం నేనే తెచ్చుకుందామని గొడుగేసుకుని పెరటి దారిన గొడౌనుకి వెళ్ళాను. తలుపు చేరవేసి ఉంది. లోపల దిలీప్ మాట్లాడుతున్నాడు.

ఫోను నా బీరువాలో ఉంది, చచ్చిపోయి ఉంది, నాకు తెలుసు. తలుపు కాస్త తోశాను.

పట్టుచీరల మూటల మధ్య, వాడు కూర్చునే చోటే, నేల మీద కూర్చున్నారీయన. వీపు నా వైపు. ఎదురుగా మూట మీద ఆయన ఫోను ఆనించి ఉంది.

"ఇప్పుడు లాంగ్. సాగదీయండి. షీప్."

"షిప్" అన్నారీయన.

"వెరీ గుడ్."

"సీట్."

"సిట్." బడిపిల్లవాడిలా వీపు నిటారుగా పెట్టుకుని మరీ చెప్తున్నారు.

"వెరీ గుడ్."

"కాదు" అన్నాను నేను.

ఉలిక్కిపడి తిరిగారు. దొంగ దొరికినట్టు ఫోను బోర్లా పెట్టేశారు. లోపల వాడు ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాడు. గొంతు బట్టలోకి పోతోంది.

"ఎక్కడివి మీకివి?" అన్నాను.

"వాడే పంపించేడు. పిల్లలకి పంపినప్పుడల్లా నాకు కుడా పంపించేవాడు. నా తెలుగు బాగవ్వాలంటే ముందు ఇంగ్లిషు నేర్చుకోవాలని ఎక్కిరించేవాడు." ఫోను ఆపేశారు. "వాడున్నప్పుడు ఒక్కటి వినలేదే నేను. బేరాలు, షాపు. రేపు వింటాను, రేపు వింటాను అన్నాను. అన్ని అలాగే ఉండిపోయేయి. కార్యం అయినాక తెరిసేను."

కార్యం అయినాక. అంటే ఏడాదిగా. నేను బీరువాలో దాచుకుంటే ఈయన మూటల మధ్య దాచుకున్నారు. ఇంట్లో వాడి గొంతు వినబడితే అన్నం వదిలి పారిపోయి, ఇక్కడికొచ్చి వాడినే వినేవారన్నమాట.

"మరి ఫోను ఇచ్చేత్తానన్నారు?"

"అది లేకపోతే నువ్వు తింతావనుకున్నాను. నా దగ్గర ఉన్నాయి కదా, ఎప్పుడో ఒకనాడు నికు ఇద్దామనుకున్నాను."

రాయి అని రాశాను ఈ పుస్తకంలోనే. నాకు తెలిసింది ఒక్కటే, అది మాట్లాడాను.

"మీరు చెప్పింది తప్పు. షీప్ అన్నాడు వాడు. మీరు పొట్టిగా అన్నారు."

"వెరి గుడ్ అన్నాడు గదా."

"వాడు వినటం లేదండీ. నేను వింటన్నాను. తప్పు."

నా గొంతు ఎలా ఉందో నాకు తెలీదు. ఆయన నన్ను చూశారు. ఎన్నో నెలల తర్వాత చూశారు. తర్వాత తల దించుకుని మూట మీద ముడి సర్దుతూ అన్నారు.

"నాకు రాదు భారతి. వాడి పేరే నాకు రాలేదు ఎప్పుడు. దిలిప్, దిలిప్ అనే పిలిసేను. నాన్నా నా పేరులో దిర్ఘం తినేత్తన్నావు అనేవాడు. పెద్దోడయ్యేక అనటం మానేసేడు. ఎలా పిలిసినా పలికేవాడు."

నిజమే. వాడికి ఇంట్లో రెండు పేర్లు. నాది పొడుగు, ఆయనది పొట్టి. రెంటికీ ఒకేలా పలికేవాడు. ఏడాదిగా ఈయన ఆ పేరు ఎందుకు ఎత్తలేదో నేను నా ఇష్టం వచ్చినట్టు అనుకున్నాను.

తలుపు వేసి వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"పిలవండి" అన్నాను.

"ఇప్పుడేటి..."

"పిలవండి. నేను చెప్తాను, తప్పో ఒప్పో."

"దిలిప్."

"తప్పు. పెదాలు పక్కలకి వెళ్ళాలి, నవ్వినట్టు. సాగదీయండి."

"దిలిప్."

"ఇంకోపాలి."

ఆయన కళ్ళజోడు తీసి మూట మీద పెట్టారు. గట్టిగా ఊపిరి తీసుకున్నారు. అరవై ఏళ్ళ మనిషి, పెదాలు పక్కలకి లాగి, పళ్ళు కనబడేట్టు, నేను చెప్పినట్టే చేశారు.

"దిలీ..."

వచ్చింది. సరిగ్గా వచ్చింది. నేను చెయ్యి ఎత్తాను ఆపమని. ఆగలేదు. పెదాలు అలాగే ఉన్నాయి, శబ్దం సాగుతూనే ఉంది, మధ్యలో ఎక్కడో అది వణికి వేరే అయిపోయింది. చివరన పెదాలు కలిస్తేగానీ ఆ పేరు పూర్తి కాదు. కలవలేదు. నోరు అలా తెరుచుకునే ఉండిపోయింది, కన్నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి. అంత పెద్ద గొంతు ఈయనలో ఉందని నాకు తెలీదు. మూటలు తాగినంత తాగాయి, మిగతాది వీధిలోకి వినబడే ఉంటుంది.

తప్పని అనలేదు, ఒప్పని అనలేదు. జరిగి పక్కన కూర్చున్నాను.

పంచెల చాపు తేవడం మరిచిపోయాం. రేపు తేవాలి.